గోడబల్ల సూత్రాలు: ‘ఇరుకుసంజీవని’ టీకా తాత్పర్య సహితం

అవతారిక

మా హైదరాబాదు ఫ్లాటులో 8 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు ఉన్న గది ఒకటుంది. బిల్డరు దాన్ని పిల్లల గది అని అమ్మాడు. పిల్ల ఉయ్యాలలో ఉన్నప్పుడు అది విశాలంగానే ఉండేది. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఒక గోడ వెంట ఆరుకు మూడు మంచం, చివర బీరువా. మిగిలిన చోట చదువుకునే బల్ల వేస్తే కుర్చీ పట్టదు. కుర్చీ పడితే బీరువా తలుపు తెరుచుకోదు. అది తెరుచుకుంటే మనిషి గది బయట నిలబడాలి. కాబట్టి గోడకు బిగించి, అక్కరున్నప్పుడు లేపి, తీరాక కిందికి వాల్చేసే మడతబల్ల చేయించాలని కుటుంబసభ తీర్మానించింది.

మేస్త్రి వచ్చాడు. టేపు లాగి వదిలాడు. చెవి మీది పెన్సిలు తీశాడు. నేను లోపలికెళ్లి కాగితం తెచ్చేసరికి ఆరు పంక్తులు గోడమీదే రాసేశాడు, బల్ల రాబోయే చోటికి సరిగ్గా జానెడు కింద. ఆ ఆరు పంక్తులే ఈ గ్రంథానికి మూలం:

3 × 1½ 18 ప్లై
గోడపట్టీ 2½ ఎత్తు
మడత బ్రాకెట్ 2
గిట్టీ 8
మైకా పైన కింద
రోజు మడవాలె

వీటిని సూత్రాలనడం అతిశయోక్తి కాదు. సూత్రమంటే నూలు. సంస్కృతంలో సూత్రధారుడంటే నాటకం నడిపేవాడే కాదు, నూలు పట్టి కొలిచే వడ్రంగి కూడా. అంగుళంలో 8వ వంతును మేస్త్రీలు ఇవాళ్టికీ ‘సూత్’ అనే అంటారు. పైగా అర మాత్ర తగ్గించగలిగితే వ్యాకరణవేత్తలు కొడుకు పుట్టినంత సంబరపడతారని నానుడి. అర అడుగు మిగిలితే మా ఇంట్లోనూ అదే సంబరం. ఇరుకుగదికి సూత్రగ్రంథమే తగింది.

వ్యాఖ్యాతలకు మల్లినాథసూరి పెద్దదిక్కు. మన మెదక్ ప్రాంతపు కొలిచెలమ వాడు. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. భారవి కావ్యానికి రాసిన దాని పేరు ఘంటాపథం, అంటే ఏనుగులు గంటలు మోగించుకుంటూ నడిచే రాజవీధి. మా గదిలో పిల్లి కూడా పక్కకు తిరిగి నడవాలి గనుక రెండో పేరు వదిలేసి మొదటిదాన్ని అరువు తెచ్చుకున్నాను. అక్కర లేనిది రాయనని ఆయన పెట్టుకున్న ఒట్టును మాత్రం అరువు తెచ్చుకోలేదు.

సూత్రం 1: 3 × 1½ 18 ప్లై

టీక: 3 = మూడు అడుగుల పొడవును; × = మరియు (దీనిని ‘ఇంటూ’ అని పలుకవలెను, కొట్టివేతగా భ్రమింపరాదు); 1½ = ఒకటిన్నర అడుగుల వెడల్పును (కలిగినట్టియు అని అధ్యాహారము); 18 = పద్దెనిమిది మిల్లీమీటర్ల మందము గలట్టియు; ప్లై = ప్లైవుడ్డు పలక; (కావలెను అని శేషము).

తాత్పర్యం: బల్లకు చెక్క తెమ్మని అర్థం.

విశేషాలు: ఒకే పంక్తిలో పొడవు ఇంగ్లీషువాడి అడుగుల్లో, మందం ఫ్రెంచివాడి మిల్లీమీటర్లలో ఉంది. 1956లో చట్టం చేసుకుని దేశం మెట్రిక్ కొలతల్లోకి నడిచింది. మేస్త్రి టేపు మాత్రం ఒక అంచున ఒక మతాన్ని, రెండో అంచున రెండో మతాన్ని పాటిస్తూనే ఉంది. రెండూ నువ్వులూ బియ్యంలా విడివిడిగా కనబడుతున్నాయి కాబట్టి ఇది సంసృష్టి. పాలూ నీళ్లలా కలిసిపోయి ఉంటే సంకరాలంకారమయ్యేది, బల్ల వంకరయ్యేది.

పద్దెనిమిది అనగానే భారత పర్వాలు గుర్తుకు రావడం సహజం. ప్లైవుడ్డులోనూ పర్వాలున్నాయి. పల్చటి చెక్కపొరలను బేసి సంఖ్యలో పేర్చి అతుకుతారు. ఒక పొర నార నిలువుగా పోతే దాని మీది పొర నార అడ్డంగా పోతుంది. పక్కపక్కనున్నవి ఒకే దిక్కుకు పోకపోవడం వల్లే పలక వంగదు, చీలదు. ఉమ్మడి కుటుంబాలు ఇలాగే నిలిచాయని మా అమ్మ సిద్ధాంతం.

పూర్వపక్షం: 12 మిల్లీమీటర్లు చాలదా? చవక కదా, తేలిక కదా.

సమాధానం: చాలదు. మూడడుగుల పొడవున నడుమ కుంగుతుంది. కింది నుంచి బిగించే స్క్రూకి కరవడానికి తగినంత మందమూ దొరకదు.

మరో పూర్వపక్షం: వెడల్పు 2 అడుగులుంటే పుస్తకం, ల్యాప్‌టాప్ రెండూ పడతాయి కదా?

సమాధానం: 8 అడుగుల్లో మంచానికి 3 పోగా మిగిలింది 5. బల్లకు 1½, కుర్చీకి 2 పోగా నడకకు మిగిలింది 1½. బల్ల 2 అయితే నడకకు 1 అడుగే. దాంట్లో మా అమ్మాయి నడవగలదు, నేను నడవలేను. గదిలోకి నాన్న రాలేకపోవడం గుణమే తప్ప దోషం కాదని అమ్మాయి వాదించింది. ఆ మతాన్ని ఇక్కడ ఖండించడమైనది.

శేషవిచారం: ప్లైవుడ్డు షీటు ఎనిమిదికి నాలుగు, అంటే 32 చదరపు అడుగులు. మా బల్లకు పట్టింది 4½. షాపతను ముక్క అమ్మనన్నాడు. గోడపట్టీకి పోగా మిగిలినదంతా ఆ గది తలుపు వెనకే నిలబడి ఉంది. స్థలం మిగల్చడానికి కొన్నది, తాను మిగిలి స్థలాన్ని తిన్నది. మంచికని చేస్తే చెడు ఎదురయ్యే ఈ తీరును అలంకారశాస్త్రం విషమమంటుంది. మా ఆవిడ అన్న మాటకు అలంకారశాస్త్రంలో చోటు లేదు.

సూత్రం 2: గోడపట్టీ 2½ ఎత్తు

టీక: గోడపట్టీ = గోడయొక్క పట్టీ (షష్ఠీ తత్పురుషము; గోడను పట్టుకొని వ్రేలాడునది అని కొందరు); 2½ = నేలనుండి రెండున్నర అడుగుల; ఎత్తు = ఎత్తునందు; (బిగింపవలెను).

విశేషాలు: గ్రంథం మొత్తంలో క్లిష్టమైన చోటు ఇదే. రెండున్నర అడుగులు పట్టీ పై అంచుకా, కింది అంచుకా? పట్టీ వెడల్పు 3 అంగుళాలు. కింది అంచుకైతే బల్ల 33 అంగుళాల దగ్గర తేలుతుంది, చదివేవాళ్ల భుజాలు చెవులను తాకుతాయి. మూలకర్తకు ఫోన్ చేశాం. “మీదికే సార్, కిందికెట్లయితది” అన్నాడు. అయితే గోడకు అప్పటికే పెట్టిన గీత కిందికే ఉంది.

ఆప్తవాక్యం గీతతో విభేదించినప్పుడు ప్రత్యక్షమే ప్రమాణం. అమ్మాయిని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, మోచేతులు మడిపించి, నేలనుంచి మోచేతి దాకా కొలిచాం. 28 అంగుళాల మీద నాలుగు సూత్‌లు. బజారులో దొరికే బల్లలు 29, 30 అంగుళాల మధ్య ఉంటాయి. అందుకని పలక పైభాగం 29 దగ్గర తేలేలా పట్టీని దించాం. బల్ల ఎత్తు నేలను బట్టి కాదు, మోచేతిని బట్టి ఉంటుందని సిద్ధాంతం.

సూత్రం 3: మడత బ్రాకెట్ 2

టీక: స్పష్టము.

విశేషాలు: వ్యాఖ్యాత ‘స్పష్టము’ అన్నచోటే పాఠకుడు మునుగుతాడని అనుభవజ్ఞులు ఎరుగుదురు. కాబట్టి కొంచెం విప్పుతాను. ఈ బ్రాకెట్‌కు రెండు భుజాలు. ఒకటి నిలువుగా గోడకు, ఒకటి అడ్డంగా పలకకు. పలకను లేపితే టక్కుమని నిలుస్తుంది, మీట నొక్కితే వాలిపోతుంది. నిలువు భుజంలో పై స్క్రూకీ కింది కొసకూ మధ్య 9 అంగుళాలనుకుందాం. పలక ముందంచు గోడకు 18 అంగుళాల దూరంలో ఉంది. ఆ అంచున 20 కిలోల బరువు మోపితే, కింది కొస గోడకు ఆనుకుని, పై స్క్రూలను గోడలోంచి 40 కిలోల బలంతో బయటికి లాగుతుంది. దూరం రెండింతలైతే లాగుడూ రెండింతలే. గోడబల్ల కూలితే పలక విరిగి కూలదు, పై స్క్రూ ఊడి కూలుతుంది.

దీనికి ఉదాహరణ: ప్రారంభోత్సవం నాడు మా బావగారు కాఫీ గ్లాసుతో వచ్చి బల్ల ముందంచు మీద కూర్చోబోయారు. నేను ఆయన్ను కౌగలించుకున్నాను. అది ఆప్యాయత అని ఆయన ఇప్పటికీ అనుకుంటున్నారు. లోకంలో అనేక అనుబంధాలకు ఇలాంటి యాంత్రిక కారణాలుంటాయి.

సూత్రం 4: గిట్టీ 8

టీక: గిట్టీ = స్క్రూ పట్టుటకై గోడ రంధ్రములో దిగగొట్టు ప్లాస్టిక్ బిరడా. ‘గిట్టు’ ధాతువునకు మరణించుట, లాభించుట, సరిపడుట అని మూడర్థములు. గోడలోపడి గిట్టి తిరిగిరానిది కనుక గిట్టీ. కొద్ది పైసల సరుకుతో ఇంత పలక నిలుచుట గిట్టుబాటు కనుక గిట్టీ. ఒకదానికొకటి గిట్టని గోడకును ఇనుమునకును పొత్తు కుదుర్చునది కనుక గిట్టీ. ఇది హార్డ్‌వేరు షాపు హిందీ మాట అని కొందరందురు. వ్యుత్పత్తి దొరికినచోట టీకాకారుడంత తేలికగా లొంగడు.

విశేషాలు: 8 అంటే ఎనిమిది మిల్లీమీటర్ల గిట్టీలా, ఎనిమిది గిట్టీలా? లెక్క వేస్తే రెండూ నిజమే. బ్రాకెట్‌కు మూడు చొప్పున ఆరు, పట్టీకి రెండు, వెరసి ఎనిమిది. డ్రిల్లు బిట్టు కూడా ఎనిమిదే. ఒక్క అంకెలో కొలతనూ సంఖ్యనూ ఇమిడ్చిన ఈ శ్లేష, ఇంటిపేరు లేని ఆ మహాకవికే చెల్లింది.

గిట్టీ చేసే పని చిత్రమైనది. స్క్రూ లోపలికి పోయేకొద్దీ అది ఉబ్బి రంధ్రం అంచులను ఒత్తుతుంది, ఆ ఒత్తిడే పట్టు. పూర్వం గోడను ఉలితో తొలిచి, కొయ్యముక్క దిగ్గొట్టి, దానికి మేకు వేసేవారు. 1911 ప్రాంతంలో లండన్‌లో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరు, బ్రిటిష్ మ్యూజియం గోడలు చెడకుండా కరెంటు సామాన్లు బిగించాల్సి వచ్చి, జనపనార గొట్టంతో మొదటి గిట్టీ చేశాడు. 1958లో జర్మనీకి చెందిన ఆర్టూర్ ఫిషర్ దాన్ని నైలానుతో చేశాడు. జనపనారతో మొదలైన ఇలాంటి సరుకు లేకుంటే మన గోడగడియారాలు, దేవుడి పటాలు, టీవీలు అన్నీ నేలమీదే ఉండేవి.

అయితే గిట్టీ గోడను బట్టే పనిచేస్తుంది. ఇటుకగోడలో బాగా పడుతుంది. అదీ ఇటుకలో పడాలి, రెండిటి నడుమ సున్నం సందులో కాదు. తేలికపాటి ఏఏసీ దిమ్మల గోడలో మామూలు గిట్టీ గిర్రున తిరుగుతుంది, వాటికి వేరే రకం కావాలి. కాంక్రీటు గోడకు హ్యామర్ డ్రిల్లు లేనిదే బిట్టు దిగదు. గోడ ఏదో ఎలా తెలుస్తుంది? డ్రిల్లు రాల్చిన పొడి రంగు చూడాలి. ఎర్రగా వస్తే ఇటుక, తెల్లగా మెత్తగా వస్తే దిమ్మ, బూడిదరంగులో గీపెడుతూ వస్తే కాంక్రీటు. మాది ఎర్రగా వచ్చింది. మేస్త్రి మొహం తెల్లగా మారింది, గోడ మందం నాలుగున్నర అంగుళాలేనని అవతలి గదిలోంచి మా ఆవిడ కేక వినబడ్డాక.

నిషేధవాక్యం: స్విచ్‌బోర్డుకు తిన్నగా పైనా కిందా డ్రిల్లు పెట్టరాదు. వైర్ల గొట్టాలు సాధారణంగా ఆ దారినే పోతాయి. ఈ నిషేధాన్ని ఉల్లంఘిస్తే ప్రాయశ్చిత్తం చేసుకునే తీరిక ఉండదు.

సూత్రం 5: మైకా పైన కింద

టీక: మైకా = సన్‌మైకా రేకును; పైన = పలక పైభాగమునందును; కింద = అడుగుభాగమునందును; (ఫెవికాల్‌తో అతికింపవలెను).

విశేషాలు: పైన సరే, అడుగున ఎవరు చూస్తారని నేను అడిగాను. ఒకవైపే అతికిస్తే ఆ వైపు చెక్క తేమను ఒకలా, ఉత్తవైపు మరోలా పీల్చి వదులుతాయి, నెలలు గడిచేకొద్దీ పలక అప్పడంలా వంగుతుంది. రెండు వైపులా అతికిస్తే రెండు లాగుళ్లూ సరితూగుతాయి. కనబడని వైపుకు పెట్టిన ఖర్చే కనబడే వైపును నిటారుగా ఉంచుతుంది. మైకా రంగు గురించి మూడు రోజులు జరిగిన చర్చ గ్రంథవిస్తరభీతిచే విడువబడినది.

సూత్రం 6: రోజు మడవాలె

టీక: రోజు = ప్రతిదినము (‘రోజూ’ అని పాఠాంతరము; దీర్ఘము గోడ గరుకువలన లోపించినది); మడవాలె = మడువవలెను.

విశేషాలు: ఇది విధివాక్యం. విధుల్లో నిత్యమనీ కామ్యమనీ ఉన్నాయి. నిత్యకర్మ చేస్తే ప్రత్యేకంగా పుణ్యమేమీ రాదు, చేయకపోతే మాత్రం పాపం తగులుతుంది. బల్లను మడవడం అచ్చంగా ఆ కోవలోది. మడిచిన రోజున ఎవరూ మెచ్చుకోరు. మడవని రోజున మోకాలికి తగులుతుంది.

మడతవిద్యకు పూర్వాచార్యుడు శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన విలియం మర్ఫీ. ఆయనది ఒంటిగది కాపురం. ఒక గాయనిని ప్రేమించాడట. మంచం పరిచిన గదిలోకి ఆమె రావడం ఆనాటి మర్యాదకు కుదరదు. దాంతో మంచాన్ని నిలబెట్టి గోడ అరలోకి తోసే ఉపాయం కనిపెట్టాడని కథ. మర్ఫీ ఎందుకు మడిచాడు? సాయంత్రం ఒకరు వస్తారని. మా గదిలోకి సాయంత్రం వచ్చేది ఇస్త్రీ బట్టలు మాత్రమే.

మొదటి వారం అమ్మాయి రోజూ మడిచింది. రెండోవారం బల్ల మీదికి వైఫై పెట్టె వచ్చింది, దాన్ని కదిపితే అందరూ అరుస్తారు. తర్వాత మా అమ్మ మందుల డబ్బా, చేతికి అందుతుందని. ఆ తర్వాత బట్టల దొంతర, కరెంటు బిల్లులు, వేసవిలో మామిడిపళ్ల బుట్ట. ఇప్పుడు మడవాలంటే ముందు అవన్నీ మంచం మీదికి మార్చాలి. మంచం మీద అమ్మాయి చదువుకుంటోంది.

తాత్పర్యం: నిన్న బల్ల మీంచి పెన్ను పడితే తీయడానికి కిందికి దూరాను. అక్కడ గోడమీద ఆరు పంక్తులూ పెన్సిలు మెరుపుతో చెక్కుచెదరకుండా ఉన్నాయి. పలక కిందికి వాలితే అవి దాని వెనక మరుగున పడేవి. మేస్త్రి మాటను పాటించి ఉంటే మూలం నాకు కనబడేది కాదు, ఈ వ్యాఖ్య పుట్టేది కాదు. సూత్రం చదవడానికి దొరుకుతున్నన్నాళ్లూ దాన్ని మేం పాటించనట్టే. ఇంత వివరంగా రాయగలిగానంటే, ఎంతకాలంగా మడవలేదో పాఠకులే గ్రహింతురు గాక.