చచ్చిన కెమెరా కరుస్తుంది

మా ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా ముందు కబురు వెళ్లేది మా బావమరిదికి. వాడికి రిపేరు రాదు. స్క్రూడ్రైవర్ ఉంది. "విప్పితే తెలిసిపోతుంది బావా" అన్నది వాడి సిద్ధాంతం. దానికి మా మిక్సీ, గోడ గడియారం ఇదివరకే బలయ్యాయి, తెలిసిందేమీ లేదు.

ఈసారి వంతు అటక మీంచి దిగిన డిజిటల్ కెమెరాది. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే రకం. ఒకప్పుడు ఇది చేతిలో ఉన్నవాడికి పెళ్లిలో పురోహితుడు కూడా జరిగి చోటిచ్చేవాడు. ఇప్పుడు బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

వాడు స్క్రూ మీద మొన ఆనించగానే "ఆగరా, అందులో 300 వోల్టులుండొచ్చు" అన్నాను. నవ్వాడు. రెండు సెల్సూ కలిపితే మూడు వోల్టులేగా, వాడి లెక్క వాడిది. ఫ్లాష్ వెలగడానికి ఆ మూడూ ఏ మూలకీ చాలవు. లోపలి సర్క్యూట్ వాటిని దాదాపు 300కి పెంచి ఓ కెపాసిటర్‌లో దాస్తుంది. సెల్స్ పీకేసినా వెంటనే ఖాళీ కాదు. కెమెరా పోయిందని దానికెవరూ కబురు చెప్పరు మరి! స్క్రూడ్రైవర్ మొన తగిలితే ఫెళ్లున నిప్పురవ్వ, బోర్డు మాడిన వాసన. వేలు తగిలితే షాకు. పని తెలిసిన మెకానిక్ కూడా రెసిస్టర్ ద్వారా దాన్ని నెమ్మదిగా ఖాళీ చేశాకే లోపల చెయ్యి పెడతాడు.

స్క్రూడ్రైవర్ జేబులోకి వెళ్లింది. "నేనూ అదే చెబుదామనుకుంటున్నా" అన్నాడు.

తర్వాత టీవీ రిమోట్‌లోంచి సెల్స్ పీక్కొచ్చాడు. రిమోట్‌కి కావలసింది చిటికెడు కరెంటు. కెమెరాకో? లెన్సు జరగాలి, తెర వెలగాలి, ఫ్లాష్ నిండాలి. మామూలు జింక్ సెల్ మీటరు దగ్గర 1.5 వోల్టులని దర్జా చూపించి, పనిలో పెట్టగానే చతికిలబడుతుంది. ఆల్కలైన్‌వి కావాలి, లేదంటే ఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్‌వి. ఇవి 1.2 వోల్టులేగానీ పనిమంతులు.

కొత్తవి తెచ్చి, వేసేముందు అరలోకి టార్చి వేస్తే స్ప్రింగు మీద తెల్లటి పెచ్చు. ఎప్పటిదో ఆల్కలైన్ సెల్ కారి గడ్డకట్టిన క్షారం. మా ఆవిడ నిమ్మచెక్క తెచ్చింది, రాగిచెంబు తోమినట్టు తోమెయ్యమని. తోమడం కుదరదుగానీ రసాయనశాస్త్రం ఆవిడదే కరెక్టు: క్షారానికి విరుగుడు పులుపే. చేతికి గ్లౌజులు తొడుక్కుని, ఇయర్‌బడ్‌కి ఒక్క చుక్క అద్ది తుడిచాను. పైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి. బాగా ఆరనిచ్చాకే సెల్స్ వేశాం.

అయినా లేవలేదు. సెల్స్ అర మూతకి ఓ బుల్లి ముక్కు ఉంటుంది. అది లోపలి స్విచ్‌ని నొక్కితేగానీ మూత పడిందని కెమెరా నమ్మదు. మాదాని కొక్కెం అరిగిపోయింది. బొటనవేలితో అదిమిపట్టగానే లెన్సు గుర్రుమంటూ బయటికొచ్చింది!

ముందు తేదీ అడిగింది. తర్వాత కార్డు నిండిందంది. ఏముందా అని చూస్తే బావమరిది పెళ్లిచూపులు. పూలజడ, పట్టుచీర, సిగ్గు, అన్నీ ఉన్నాయి. అమ్మాయి మాత్రం మా చెల్లెమ్మ కాదు.

"ఎవరండీ ఈవిడ?" అంది చెల్లెమ్మ, వెనకనించి తొంగిచూస్తూ.

నా బొటనవేలిని వాడే మెల్లిగా పక్కకి జరిపాడు. తెర నల్లబడింది.

"చూశావా బావా," అన్నాడు, "బోర్డే పోయింది."