కోతికూలి సూత్రము: సటీకా తాత్పర్యము

మూలము: కోతికి నెలుగు; ఎలుగునకుఁ గూలి; కూలికిఁ గోతి.

అవతారిక: పూర్వము కరీంనగరు జిల్లాలో నుండి, 2016లో సిద్దిపేట జిల్లాలోనికి మాఱిన కోహెడయందు, కోతులును అడవిపందులును పంట దక్కనీయమిచే విసిగిన యొక రైతు, ఒక మనుష్యునకు ఎలుగుబంటి వేషము తొడిగి, దినమునకు 500 రూపాయల కూలి యొసంగి, చేనిలోఁ దిప్పిన వృత్తాంతము 2022 మార్చిలో వార్తలకెక్కి దేశమెల్ల నెఱిఁగినదే. దానిని మూఁడు ఖండములుగా సంగ్రహించినది యీ సూత్రము. అక్కఱకు మించి పలుకనని నియమము పూనిన వ్యాఖ్యాతృచక్రవర్తి మల్లినాథసూరి మెదకుసీమవాఁడు; పొరుగువారమైనను మాకా నియమము పట్టుపడలేదు.

ప్రతిపదార్థము: కోతికిన్ = మక్కకంకిని పాలు పట్టకమున్నే యొలిచి, సగము కొఱికి సగము పాఱవైచునదియు, శనివారము కొండగట్టు అంజన్నకు మ్రొక్కివచ్చిన రైతుచేత దెబ్బ తినుట దుర్లభమైనదియునగు వానరమునకు; ఎలుగు = ఈ సీమవారు గుడ్డెలుగనునదాని వేషము; ఎలుగునకున్ = నడియెండలో నిలువెల్ల బొచ్చుతొడుగుతోఁ జెమర్చుచుఁ దిరుగు నరునకు; కూలి = చెప్పఁబడిన 500 రూపాయలు; కూలికిన్ = ఆ రాబడికి; కోతి = ఆధారము.

ఆక్షేపము: జాంబవంతుఁడు సుగ్రీవుని కొలువున హితము చెప్పిన వృద్ధుఁడు, సాగరలంఘనమునకు హనుమంతునిఁ బురికొల్పినవాఁడు గదా, అట్టివాని రూపమును జూచి వానరములేల బెదరవలెను?

సమాధానము: అది త్రేతాయుగమునాఁటి మైత్రి, రాజకార్యముచేఁ గుదిరినది. మక్కచేనిలో రాజకార్యము లేదు.

ఆక్షేపాంతరము: అట్లయినను గడ్డిబొమ్మకే బొచ్చు తొడిగి నిలిపినఁ జాలదా, దినకూలి యేల?

సమాధానము: నిలుచున్న బొమ్మను కోతి తొలినాఁడు దూరమునుండి చూచును, మలినాఁడు చేరువకు వచ్చి చూచును, పిదప దాని తలపైఁ గూర్చుండి కంకి యొలుచును. కదలునదే మృగమని దాని మతము. కావున 500 రూపాయలును నడకకే చెల్లును, వేషము నిమిత్తమాత్రము.

విశేషము: వేషముచేఁ బొట్టపోసికొనుట యీ సీమకుఁ గ్రొత్తగాదు. పగటివేషగాండ్రు ఊరూరఁ దిరిగియు, పీర్లపండుగనాఁడు పులివేషగాఁడు ఒడలికిఁ జారలు దిద్దికొనియు, జనులను మెప్పించి నాలుగు డబ్బులు గడించుచుండిరి. చూపఱుల స్థానమునఁ గోతులఁ గూర్చుండఁబెట్టుట కోహెడ రైతు కల్పన. ఇందు రసము భయానకము. చూపఱులు నడుమ లేచి పాఱిపోయిననే నటునకుఁ గూలి గిట్టు నాటకము వేఱొకటి కానరాదు.

తాత్పర్యము: కోతులు బెదరకున్న మొదటి ఖండము తెగును, బెదరి శాశ్వతముగఁ బోయెనేని మూఁడవది తెగును. ఈ రెంటి నడుమ, విసువు తీఱియుఁ దీఱకయుండు సన్నని గట్టుమీఁదనే యెలుగు నడవవలెను. 2020 డిసెంబరులో నిర్మల్ చెంత చించోలి(బి)యందుఁ దెఱవఁబడిన కోతుల పునరావాస కేంద్రమున వానికి సంతాననిరోధ శస్త్రచికిత్స చేసి యడవిలో విడుచుట యేర్పాటు. ఆ మార్గము కోతుల సంతతిని దగ్గించును. రైతు మార్గము వానిని బ్రక్కచేనికిఁ బంపును. అప్పుడా చేని యాసామికిని నెలుగు కావలసివచ్చును గనుక, ఈ వర్తకము విస్తరించుటకుఁ బ్రకటనలతోఁ బనిలేదు. కోతులే ఊరూర దండోరా వేయును.