లెక్క అడక్కండి, పేరు రాయించుకోకండి

డిసెంబరు చివర్లో చెక్కులు రాసేటప్పుడు అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో మామూలుగా రెండు పద్దులుంటాయి, ఊరి బడి, ఇక్కడి గుడి. ఈ ఏడు మూడోది ఒకటి చేర్చమని అడుగుతున్నాను. కమ్యూనిస్టు పాలన పోయాక ఓటునీ, పత్రికనీ, కోర్టునీ నిలబెట్టుకోవడానికి నానా తంటాలు పడుతున్న దేశాల్లో పనిచేసే మనుషులకి ఇవ్వండి. ఆ దేశాలతో మనకేం సంబంధం అనకండి. మా తరం వాళ్ళం 'సోవియట్ భూమి' నున్నటి కాగితాలతో పుస్తకాలకి అట్టలు వేసుకుని బడికి వెళ్ళాం. మన పిల్లలేమో జార్జియాకీ కిర్గిజ్‌స్తాన్‌కీ వెళ్ళి వైద్యం చదువుతున్నారు. 2022లో యుక్రెయిన్ నుంచి చలిలో నడిచొచ్చిన మన విద్యార్థులకి రుమేనియా సరిహద్దులో అన్నం పెట్టినవాళ్ళు అక్కడి మామూలు జనమే.

ఇచ్చే పద్ధతి గురించి నేను చెప్పేవి చాలామందికి తలకిందులుగా కనిపిస్తాయి. మా వాళ్ళ సమావేశంలో చెబితే ఒక పెద్దాయన "అమ్మా, ఇది డబ్బు ఏట్లో పోసే పద్ధతి" అన్నారు. అయినా ఇవే చెబుతాను.

ఫలితం అడక్కండి. న్యూజెర్సీ పిస్కాటవేలో రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళ లివింగ్‌స్టన్ కాంపస్ ఉంది కదా, సాయంత్రాలు అక్కడ నడిచే మనవాళ్ళలో చాలామందికి ఆ నేల సంగతి తెలియదు. అది ఒకప్పటి క్యాంప్ కిల్మర్. రెండో ప్రపంచ యుద్ధానికి సైనికుల్ని ఓడ ఎక్కించడానికి 1942లో కట్టారు. 1956 నవంబరులో సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్ తిరుగుబాటును తొక్కేశాక, పారిపోయి వచ్చిన హంగేరియన్లను తెచ్చి ఇక్కడి చెక్క బారకాసుల్లోనే ఉంచారు. కొద్ది నెలల్లో 30,000 మందికి పైగా ఈ గేటు దాటారు. చర్చిలూ, యూదుల సంస్థలూ, రెడ్‌క్రాసూ వాళ్ళకి చలికోట్లిచ్చి, ఆశ్రయమిచ్చే కుటుంబాల్ని వెతికి పంపాయి. ఈ ఖర్చుతో హంగరీకి స్వేచ్ఛ ఎప్పుడొస్తుందని ఆనాడు ఎవరైనా పట్టుబట్టి ఉంటే, జవాబు కోసం 33 ఏళ్ళు ఆగాల్సి వచ్చేది. మూడేళ్ళ ప్రాజెక్టులో ఆ జవాబు పట్టదు. అందుకే మనిషికి ఇవ్వండి, పనికి ఇవ్వండి, ఫలితం ఊసెత్తకండి.

అద్దె కట్టండి, కరెంటు బిల్లు కట్టండి, యంత్రాలు కొనండి. దాతలకి ఇవి నచ్చవు, బిల్లు పక్కన నిలబడి ఎవరూ ఫోటో దిగరు. కానీ చరిత్రలో బాగా పనిచేసిన దానం ఏదని అడిగితే నేను చూపించేది ఫోటోకాపీ యంత్రాన్నే. 1983లో రుమేనియాలో టైపురైటరున్న ప్రతివాడూ దాన్ని పోలీసుల దగ్గర నమోదు చేయించి, ఏటా వెళ్ళి అక్షరాల నమూనా కొట్టి చూపించాలని ఉత్తర్వు వచ్చింది. ఎక్కడైనా కరపత్రం దొరికితే ఏ మిషను మీద కొట్టారో పట్టుకోవడానికి. హంగరీలోనూ కాపీ యంత్రాలు ప్రభుత్వం కనుసన్నల్లోనే ఉండేవి. అలాంటి చోట 1984లో సంపన్నుడు జార్జ్ సోరోస్ బుడాపెస్ట్‌లో ఒక ఫౌండేషన్ పెట్టి గ్రంథాలయాలకీ విశ్వవిద్యాలయాలకీ వందలాది కాపీ యంత్రాలు ఇచ్చారు. వాటి మీద ఏం అచ్చేసుకోవాలో ఆయన చెప్పలేదు. ఏ కాగితం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం ఇక పోలీసుల తరం కాలేదు.

లెక్క అడక్కండి అన్నది పెద్దాయనకి అన్నిటికంటే కోపం తెప్పించిన మాట. ఇది నేను నా చేతుల్తో చేసిన తప్పులోంచి నేర్చుకున్నాను. కొన్నేళ్ళ కిందట మా అమ్మమ్మగారి ఊళ్ళో సాయంత్రం బడి నడిపే ఒకమ్మాయికి నెలనెలా డబ్బు పంపేదాన్ని. హాజరు పట్టీ, బిల్లులు, పిల్లల ఫోటోలు నెల తిరిగేసరికి రావాలి. ఫోటోలో అందరూ పలకలు పట్టుకుని ఉండాలని కూడా చెప్పాను. ఒక శనివారం ఫోన్ చేసింది. "అక్కా, ఏమనుకోకండి. సెల్లు కెమెరా పాడైంది. పక్కూరి స్టూడియో అతన్ని పిలిపించి ఎనిమిది వందలిచ్చాను. రెండు రోజులు లెక్కలు చెప్పడం కుదర్లేదు. పలకలు కూడా ఫోటో కోసమే కొన్నాను, మా పిల్లలు నోటుపుస్తకాల్లో రాస్తారు" అంది. మరుసటేడు ఆ బడి మూతపడింది. మా ఊరి సంగతే అలా ఉంటే, పోలీసులు తలుపు కొట్టే దేశంలో వాళ్ళని రసీదులు దాచమనడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. 1980లలో పోలండ్‌లో అజ్ఞాతంగా నడిచిన సాలిడారిటీ కార్మిక సంఘానికి అమెరికన్ కార్మిక సంఘాల సమాఖ్య అచ్చుయంత్రాలకీ సరంజామాకీ డబ్బు పంపింది. అక్కడ రసీదంటే ఒక మనిషిని జైలుకి పంపే కాగితం.

మన దేశానికి పంపేటప్పుడు మాత్రం చట్టం చూసుకోండి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత, అలాంటి విరాళంలో పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 దాకా వీలుండేది. అంటే ఆఫీసు అద్దె కట్టుకోవడం కష్టమైపోయింది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కాబట్టి ఆ అద్దె మీరు కట్టండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళకి ఆ వీలు లేదు.

కమిటీ వేయకండి, నిపుణుల్ని పంపకండి, మీరూ వెళ్ళకండి. సోవియట్ యూనియన్ కూలాక శాస్త్రవేత్తలు జీతాల్లేక ప్రయోగశాలలు వదిలేస్తుంటే, 1992 డిసెంబరులో సోరోస్ పది కోట్ల డాలర్లతో ఒక నిధి ప్రకటించారు. అందులో ఒక భాగం మనిషికి 500 డాలర్ల చొప్పున నేరుగా పంచారు. పేరున్న పత్రికల్లో ఇటీవల మూడు పరిశోధన వ్యాసాలు వేసి ఉంటే చాలు. అప్పటి రూబుల్ లెక్కన ఆ డబ్బుతో ఏడాది గడిచేది. అదే కాలంలో పాశ్చాత్య ప్రభుత్వాల సాయం పేరుతో వార్సా మారియట్ హోటల్లో దిగి, సలహాలిచ్చి, ఫీజు పుచ్చుకుని వెళ్ళిపోయిన కన్సల్టెంట్లకి పోలండ్ జనం 'మారియట్ బ్రిగేడ్' అని పేరు పెట్టారు. మనం ఇచ్చే డబ్బు విమానం టిక్కెట్లకి పోకూడదు.

రేపు మిమ్మల్ని తిట్టబోయేవాడికీ ఇవ్వండి. 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకోవడానికి సోరోస్ ఫౌండేషన్ ఉపకారవేతనం పొందిన కుర్రాడు విక్టర్ ఓర్బాన్. ఆయనే హంగరీ ప్రధాని అయి, 2017లో తెచ్చిన చట్టంతో, సోరోస్ స్థాపించిన సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ బుడాపెస్ట్ వదిలి వియన్నా పోవాల్సి వచ్చేలా చేశారు. ఆ ఉపకారవేతనం ఇవ్వకుండా ఉండాల్సిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. విధేయత చూసి ఇచ్చే డబ్బుని మన ఊళ్ళలో ఎన్నికల ముందు రోజు రాత్రి చూస్తూనే ఉన్నాం. దాన్ని దానం అనరు.

పేరు రాయించుకోకండి. శిలాఫలకం మీద మీ పేరు వాళ్ళని కొట్టడానికి కర్ర అవుతుంది. రష్యాలో 2012లో వచ్చిన 'విదేశీ ఏజెంట్' చట్టం అలాంటి పేర్లనే వెతికింది. స్టాలిన్ కాలపు హతుల జాబితాలు కూర్చిన మెమోరియల్ సంస్థ మీద ఆ ముద్ర పడింది, 2021 డిసెంబరులో కోర్టు ఆ సంస్థనే రద్దు చేసింది. మరుసటేడు ఆ సంస్థకే నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. రీగా నుంచి రష్యన్‌లో నడిచే మెదూజా వార్తాసంస్థని 2023లో 'అవాంఛనీయం' అన్నారు. రష్యాలో ఉన్న పాఠకుడు దానికి చందా పంపితే నేరం. పిస్కాటవే నుంచి మనం పంపొచ్చు, ఆ పాఠకుడి బదులు.

వద్దన్నవాళ్ళకి బలవంతంగా ఇవ్వకండి. హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ గారు 1998లో మిత్రులతో కలిసి పెట్టిన మానవ హక్కుల వేదిక నిధుల సంస్థల డబ్బు ముట్టకుండా సభ్యుల, మిత్రుల చందాలతోనే నడుస్తోంది. వాళ్ళ పుస్తకాలు కొని చదవండి, నిజనిర్ధారణ నివేదికలు నలుగురికీ పంపండి.

ఇక ఎంత ఇవ్వాలన్న సంగతి. ఒకేసారి వెయ్యి డాలర్లు ఇచ్చి మరిచిపోయే బదులు, నెలకి పది చొప్పున ఎనిమిదేళ్ళు ఇవ్వండి. 2025లో అమెరికా ప్రభుత్వ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ని మూసేసినప్పుడు, ఒక్క సంచి మీదే ఆధారపడ్డ సంస్థలు వారాల్లో జీతాలివ్వలేని స్థితికి వచ్చాయి. పది డాలర్ల వాళ్ళు వెయ్యి మంది ఉంటే ఏ ఒక్కరి సంతకంతోనూ ఆ డబ్బు ఆగదు. బ్యాంకు యాప్‌లో నెలనెలా తనంతట వెళ్ళేలా పెట్టేయండి. చెక్కే రాస్తానంటే, దేని కోసమో రాసే గడి ఖాళీగా వదిలేయండి.