పుంగవుల ఊరు

మదనపల్లెలో కుప్పం బస్సెక్కిన రిటైర్డు తెలుగు పండితుడాయన. బస్సు ఊరు దాటకముందే ఆ ఊరి పేరు పుట్టుక తేల్చేశాడు. మర్యాద రామన్న పేరే నోళ్ళలో నలిగి నలిగి మదనపల్లె అయిందట. పుంగనూరు వచ్చేసరికి గొంతు ఇంకా పెరిగింది.

“పుంగవం అంటే ఎద్దు. పొట్టి ఆవులకు పేరుపడ్డ ఊరు ఇది. పుంగవుల ఊరు, పుంగనూరు! చెవికి తెలుస్తానే ఉంది గదప్పా, ఇంకేం సాక్ష్యం కావాల?”

పక్కసీటు కుర్రాడు కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం పరిశోధన చేస్తున్నాడు. కొంచెం మొహమాటపడుతూనే అందుకున్నాడు.

“తమిళంలో పుంగు అంటే మన కానుగచెట్టు సార్. ఏలగిరి కొండమీద కూడా ఒక పుంగనూరు చెరువుంది. ఆ పేరుకీ మన పొట్టి ఆవులకీ ఏం సంబంధం? పాత శాసనాల్లో ఈ ఊరి పేరు ఎట్లా రాశారో చూడకుండా, కానుగేనని నేనూ తేల్చి చెప్పను. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ చెప్పింది చెవిని నమ్మి కాదు గదా. తెలుగు, కన్నడ, తమిళ ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించినాడు.”

“ఆయన కలెక్టరు నాయనా, కాయితాలు అడుగుతాడు. పండితుడికి చెవి చాలు. పోయి పోయి ఊరికి చెట్టు పేరా!”

నిజం చెప్పొద్దూ, కథగా పండితుడిదే బాగుంది. బస్సులో సగం మంది ఆయన పక్షమే, కండక్టరుతో సహా.

పలమనేరు దాటాక ఆయన ఫోను మోగింది. విన్నాడు. సీట్లోంచి సగం లేచాడు.

“ఏందీ? అది కానుగమాను మడి, వాళ్ళ ఇంటిపేర్లో కానుగ ఉంది, అందుకని మడి వాళ్ళదంటనా? పేర్లు కలిస్తే పొలం రాసిచ్చేస్తారా? గట్టుమీద మాను ఉండింది కాబట్టి దానికా పేరు! అడంగలు తెమ్మను, 1బి తెమ్మను. చుట్టుపక్కల పొలాలోళ్ళ దస్తావేజులు తెచ్చి సరిపోల్చి చూపించమను. నోటిమాట చెల్లదని చెప్పు!”

ఆయన ఫోను జేబులో పెట్టుకునేదాకా ఆగి కుర్రాడన్నాడు:

“పుంగనూరుకు మేం అడిగేదీ ఆ అడంగలే సార్.”