రూపాయికి 52 పైసలు

నాగారంలో చిట్టీలు నడిపే అక్క రూపాయి కట్టించుకుని 52 పైసలు చేతిలో పెడితే ఊరుకుంటారా? తెల్లారేసరికి ఆమె గేటు ముందు కుర్చీలు పడవూ! కాళేశ్వరం ప్రాజెక్టుకు రూపాయి పెడితే రూపాయిన్నర రాబడి అని ప్రాజెక్టు నివేదిక డీపీఆర్‌లో రాసుకున్నారు. 52 పైసలేనని 2024లో కాగ్ తేల్చింది. 81,911 కోట్ల అంచనా 1,47,427 కోట్లు దాటుతుందనీ చెప్పింది. 2023 అక్టోబరులో అందులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి గానీ, అంచనా ఒక్కనాడూ కుంగలేదు (ఎత్తిపోతల పథకం కదా, నీళ్లకన్నా ముందు ఖర్చు ఎక్కింది). ఇక కరెంటు. పూర్తిస్థాయిలో తోడితే ఏటా 10,374 కోట్ల బిల్లట! అంటే మోటార్లు ఎంత తిప్పితే అంత బొక్క. లాభం కావాలా? స్విచ్ ఆపేయండి సార్!