గాజువాకలో మైనస్ 40

మే నెల మిట్టమధ్యాహ్నం, గాజువాక ఆటోనగర్. చొక్కా వీపుకి అంటుకుపోయి ఊడి రానంటోంది. మెకానిక్ స్కానర్ చూసి కబురు చెప్పాడు: "ఇంజిన్ మైనస్ 40 డిగ్రీలుందండి."

సంక్రాంతికి లంబసింగిలో కూడా అంత చలి పుట్టదు.

పది రోజులుగా ఇదే వరస. తాళం తిప్పగానే ఫ్యాను హెలికాప్టర్‌లా లేస్తుంది, డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. మా వీధిలో కార్లు కొందరికే ఉన్నాయి గానీ సలహాలు అందరికీ ఉన్నాయి. వాటి పుణ్యాన కూలెంట్ మారింది, థర్మోస్టాట్ మారింది, నా పర్సు లావు కూడా మారింది. ఫ్యాను మాత్రం మారలేదు.

పక్కనే మావయ్యగారు. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు. "మా గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ" అని ఆయన మొదలెడితే కొత్తవాళ్లు కూతుళ్ల గురించనుకుంటారు. అవి బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు. "1400 డిగ్రీలు దాటిన ఇనుముకే వేడి కొలిచాం. నీకు నీళ్ల వేడి తెలీదుటయ్యా అల్లుడూ?"

ఆ నీళ్ల వేడి కొలిచే సెన్సార్‌లో ఉండేది థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. మావయ్యగారికి పెరుగుతుంది. లోపల తెగిపోతే కరెంటే దాటదు. కంప్యూటరు దాన్ని ఘోరమైన చలిగా లెక్కగడుతుంది. అయినా అనుమానమొచ్చి, ఎందుకైనా మంచిదని ఫ్యాను వేసేస్తుంది.

మెకానిక్ ప్లగ్గు పీకి, అందులోని రెండు పిన్నులనూ వైరుముక్కతో కలిపాడు. స్కానర్‌లో అంకె ఒక్క గెంతులో ఎండాకాలం దాటి ఎటో పోయింది. "వైరింగు బాగుందండి. అబద్దమాడతంది సెన్సారే."

దాన్ని విప్పాలంటే ముందు ఇంజిన్ చల్లారాలి. మైనస్ 40లో ఉన్న ఇంజిన్ చల్లారడానికి గంట పట్టింది.

పిన్నుల నిండా పచ్చటి చిలుము. "ఉప్పుగాలండి బాబూ. బీచ్ రోడ్డులో పెడతారేటి?" మురీ మిక్చర్ కోసం రోజూ పెడతానని నేను చెప్పలేదు. మావయ్యగారు చెప్పారు.

కొత్తది బిగించే ముందు పరీక్ష ఉండాల్సిందేనన్నారాయన. టీకొట్లో మరిగే నీళ్లలో ముంచి మల్టీమీటర్ పెట్టాం. రెండు వేల ఓముల దగ్గర్నుంచి రెండు వందలకు దిగొచ్చింది. పాతది ఉలకలేదు, పలకలేదు. మావయ్యగారు అంతటితో ఊరుకోక, డిక్కీలో పడున్న పాత థర్మోస్టాట్‌ని కూడా ఆ నీళ్లలోనే వేశారు. అది నిక్షేపంగా నోరు తెరిచింది.

అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కావలసినవారు కబురు చెయ్యండి.