కొట్టంలో పడుకోవడానికి వీసా

వెళ్ళండి సామీ, అందరూ వెళ్ళండి. గోవా పాతబడింది, బాలి పాతబడింది, స్విట్జర్లాండ్ మన సినిమా పాటల్లోనే అరిగిపోయింది. ఇప్పుడు బెంగళూరు, హైదరాబాదు ఉద్యోగస్తుల కన్ను ఫ్రాన్సు ఆల్ప్స్ మీద పడింది. అదీ కాంక్రీటు హోటళ్ళ ఊరైతే వద్దట, అసలు సిసలు సాంప్రదాయ పల్లే కావాలట. రాతి గోడ, చెక్క వసారా, చర్చి గంట, వీధిలో ఆవుల మెడగంటల మోత ఉంటేనే ప్యాకేజీకి డబ్బు కడతారట. మోకాటి లోతు మంచులో ఆవు వీధిలో ఎందుకుంటుందని అడిగినవాడు లేడు.

మా మేనల్లుడికీ ఆ గాలి సోకింది. "మామా, అక్కడ పల్లెతనం ఇంకా బతికే ఉంది" అన్నాడు, సంక్రాంతికి ఊరికి రావడం లేదని చెబుతూ. వాడు పుట్టింది లేపాక్షికి కూతవేటు దూరంలో. బెంగళూరు నుంచి నూట ఇరవై కిలోమీటర్లు. అంత దూరం రావడం కష్టం కదా, పాపం.

ముందు ఆ బస సంగతి తేల్చుకుందాం. "పాతకాలపు రైతు ఇల్లు, కొత్త హంగులతో" అంటున్నారు. ఆ ఆల్ప్స్‌లోని సవోయ్ కొండల్లో పాతకాలపు రైతు ఇల్లంటే ఏమిటి? కింద పశువులు, వాటి పక్కనే మనుషులు, పైన ఎండుగడ్డి. 1,800 మీటర్ల ఎత్తున ఉన్న బొన్‌వాల్ లాంటి ఊళ్ళలో చలికాలమంతా ఇంట్లో ఉన్నవాళ్ళు ఆవుల, గొర్రెల సరసనే కాలం గడిపేవారు, వాటి ఒంటి వెచ్చదనం కోసం. అంత ఎత్తులో కట్టెలు దొరకవు. అందుకని పేడను ముక్కలుగా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో పెట్టుకునేవారు. అర్థమైంది కదా? పిడకలు.

పిడకలు మా మేనల్లుడికి కొత్త కాదు. వాళ్ళ అవ్వ కొట్టం గోడ నిండా పిడకలు చరిచేది. వాసనొస్తుందని ఆ కొట్టాన్ని పడగొట్టించి, ఆ జాగాలో కారుకు షెడ్డు వేయించింది వీడే. ఏడాదికి మూడు రోజులు ఆ కారు అక్కడుంటుంది.

ఇప్పుడు వేరే దేశంలో, వేరేవాళ్ళ కొట్టంలో పడుకోవడానికి వీసా కావాలి. ఫీజు 90 యూరోలు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. జీతం కాగితాలు, బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సు, పై అధికారి సెలవు పత్రం అన్నీ చూపించి, కొట్టంలో పడుకునే అర్హత తనకుందని నిరూపించుకోవాలి. మా ఊరి ఎనుముకు ఆ అర్హత పుట్టుకతోనే వచ్చేది.

తీరా పోయి చూస్తే ఏముంటుంది? పేడ లేదు, గడ్డి లేదు, ఆవు లేదు, రైతు లేడు. దూలాలు మాత్రం మిగిలాయి. వాటిని అందరికీ కనబడేలా ఉంచి, కింద వేడినీళ్ళ తొట్టి పెట్టారు. ఆ తొట్టిలో మెడదాకా మునిగి, చేతిలో గ్లాసు పట్టుకుని, "ప్రకృతికి దగ్గరగా" అని స్టేటస్ పెట్టాలి. కొట్టంలో పశువులను తీసేసి మనుషులను కట్టేస్తే దాని పేరు హెరిటేజ్.

తిండి సంగతా? తరతరాల వంటకమని లొట్టలేసే టార్టిఫ్లెట్‌ను 1980ల్లో అక్కడి రెబ్లోషోన్ చీజు వ్యాపారులు ఊరూరా ప్రచారం చేశారు. మా మేనల్లుడి కంటే కాస్త పెద్దది, అంతే. వాల్‌మొరెల్ అనే "సాంప్రదాయ పల్లె"ను ఖాళీ జాగాలో కొత్తగా కట్టి 1976లో తెరిచారు. లంబసింగికి ఆంధ్రా కాశ్మీరని పేరు పెట్టుకుని తెల్లారుజామున క్యూ కట్టేవాళ్ళు వీళ్ళకంటే నయం. పొగమంచు చూసి, ఇడ్లీ తిని, ఇంటికొస్తారు.

ఆ కొండ పల్లెలకు నిజంగానే ఒక సాంప్రదాయం ఉండేది. వలస. మంచు పడితే పొలం లేదు, పని లేదు. మగవాళ్ళు, పిల్లలు చాలామంది కొండ దిగి పోయేవారు. పారిస్ ఇళ్ళ పొగగొట్టాల్లో దూరి మసి గీకింది సవోయ్ పిల్లలే. పెద్దవాడు పట్టని గొట్టంలో పిల్లవాడు పడతాడు కదా, అందుకు. చలికాలంలో ఆ ఊళ్ళ అసలు ముఖం అది: మనుషులు పోగా మిగిలిన ఇళ్ళు. అది ఏ ప్యాకేజీలోనూ ఉండదు.

మాకు మంచు బదులు ఎండ. వేరుశనగ ఎండిపోయిన ఏడు ఇక్కడ ఇళ్ళకు తాళాలు పడతాయి, ముసలివాళ్ళు అరుగుల మీద మిగులుతారు. కదిరి వైపువాళ్ళు కేరళకు, మావాళ్ళు బెంగళూరుకు. మీ అపార్ట్‌మెంట్‌కు సిమెంటు మోసింది ఈ నేల మనిషే. ఆ పదో అంతస్తులో కూర్చుని పల్లె ఎక్కడుందా అని ఫ్రాన్సు మ్యాపులో వెతుకుతారా? సిగ్గుండాలి.

టీన్య్ అనే ఊళ్ళో మంచు మీద జారుతారు కదా, అక్కడి చెరువు అడుగున పాత టీన్య్ ఉంది. 1952లో కరెంటు ప్రాజెక్టు కోసం ఆ ఊరిని ముంచేశారు. కదలనన్నవాళ్ళను పోలీసులు కదిలించారు. శ్రీశైలం ముంపు ఊళ్ళవాళ్ళకు ఈ కథ చెప్పి చూడండి, పేరొక్కటే కొత్తగా ఉందంటారు.

ఇక నీళ్ళు. అక్కడ మంచు తగ్గిపోయి, ఫిరంగులతో మంచు కురిపిస్తున్నారు. ఒక హెక్టారు వాలుకు సీజనుకు సుమారు 4,000 ఘనపు మీటర్ల నీళ్ళు. అంటే ఆ హెక్టారు మీద 400 మిల్లీమీటర్ల వాన కురిసినంత. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది పొడవునా పడేది సగటున 550 చుట్టుపక్కల. 2022లో మా జిల్లా పేరు మారింది, వాన మారలేదు. మేం వేరుశనగ పంటకు ఆకాశం వైపు చూసి అడుక్కునే నీళ్ళను వాళ్ళు పట్నవాసుల పిరుదుల కింద పరుస్తున్నారు. అక్కడి జనానికీ ఇది మింగుడు పడలేదు. లా క్లుసాజ్‌లో ఈ మంచు కోసం కొండ మీద చెరువు తవ్వబోతే జనం అడవిలోనే గుడారాలేసుకుని బైఠాయించారు. 2022లో కోర్టు ఆ పని ఆపించింది.

అయినా ఆ పల్లెవాళ్ళను ఒక్కందుకు మెచ్చుకోవాలి. జారేవాళ్ళను కొండెక్కించే లిఫ్టు టికెట్ల అమ్మకం మీద 3 శాతం దాకా పన్ను వేసుకునే హక్కు 1985 నాటి చట్టంతో ఊరికి దక్కింది. జారేవాడు జారితే ఊరికి రూపాయి రాలుతుంది. మాకేం రాలుతుంది? ఆదివారం లేపాక్షికి కార్లొస్తాయి. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూరుస్తారు, బసవన్న ముందు ఫోటో దిగుతారు, ఖాళీ నీళ్ళ సీసాలు పారేసి చీకటి పడేలోగా బెంగళూరు చేరతారు.

కాబట్టి పల్లె మీద ప్రేమ పొంగే ప్రతి పట్నవాసి దగ్గరా అదే 3 శాతం వసూలు చేయాలి. విమానం టికెట్టు మీద, వేడినీళ్ళ తొట్టి మీద, గ్లాసులోని దాని మీద. ఆ డబ్బు ఎవరి అమ్మానాన్న ఏ ఊళ్ళో ఒంటరిగా ఉన్నారో ఆ పంచాయతీకి జమ కావాలి, బోరు మోటారు బాగు చేయించుకోవడానికి. కట్టలేమంటారా? మంచులో జారుతాం, వైన్ తాగుతాం, డబ్బుంది కాబట్టి పోతాం అని చెప్పండి. ఎవరూ కాదనరు. పల్లె కోసం పోతున్నామని మాత్రం మా ముందు అనొద్దు.